పెసరోలో పుట్టిన బండి... పోచారం దాకా

* నూరేళ్లు దాటిన బెనెల్లి కథ
* పేరు ఇటలీది, యజమాని చైనా, బిగించింది హైదరాబాద్ శివార్లలో
* హోసూరు దారిలో ఉన్న మనకూ ఇందులో ఓ పాఠం

ధర్మపురి: ఆదివారం తెల్లవారిందంటే చాలు, బెంగళూరు - సేలం జాతీయ రహదారి మీద మోటార్‌సైకిళ్ల హోరు మొదలవుతుంది. హోసూరు, కృష్ణగిరి దాటుకుని వచ్చిన కుర్రకారు ధర్మపురి దగ్గర టీ బంకుల ముందు బళ్లు ఆపుతారు. కొందరు పెన్నాగరం మీదుగా హొగెనకల్ జలపాతానికి మళ్లుతారు. ఇంకొందరు తొప్పూరు ఘాట్ దిగి సేలం వైపు పోతారు. ఆ గుంపులో అప్పుడప్పుడూ ఓ బండి అందరి కళ్లనూ లాగుతుంది. గుండ్రటి హెడ్‌లైటు, పాతకాలం ట్యాంకు, డుగుడుగుమనే శబ్దం. చూసినవాళ్లు 'బుల్లెట్టే కదా' అనుకుంటారు. దగ్గరికి పోయి ట్యాంకు మీది పేరు చదివితేగానీ తేడా తెలీదు. అది బుల్లెట్టు కాదు. బెనెల్లి కంపెనీ 'ఇంపీరియాలె 400'.

అక్కడ టీ తాగేవాళ్లు అడిగేవి మామూలు ప్రశ్నలే. ఎంతకొచ్చింది? మైలేజీ ఎంతిస్తాది? యాడ చేస్తారన్నా దీన్ని? మొదటి రెండింటికి జవాబు సులువు. మూడోదాని వెనకే పెద్ద కథ ఉంది. పేరు పుట్టింది ఇటలీలో. ఇప్పటి యజమాని ఉన్నది చైనాలో. మన దేశంలో అమ్మే బళ్లను బిగించేందుకు ఎంచుకున్న చోటు హైదరాబాద్ శివార్లలోని పోచారం. ఒక ఊరి పేరుతో పెరిగిన పరిశ్రమ ఆ ఊరు దాటి ఎట్లా పోతుందో, పోయాక ఆ ఊళ్లో ఏం మిగులుతుందో తెలుసుకోవాలంటే బెనెల్లి కథ వినాల్సిందే. రోజూ హోసూరు ఫ్యాక్టరీలకు పిల్లల్ని పంపే ధర్మపురికి ఇది పరాయి కథ కాదు.

తల్లి పెట్టిన మెకానిక్ షెడ్డు

ఇటలీ తూర్పు తీరాన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న పట్నం పెసరో. సంగీత ప్రియులకు అది రొస్సీని పుట్టిన ఊరు. బైకు రేసుల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు, వలెంతీనో రొస్సి సొంతూరు తవుల్లియాకు పక్క ఊరు. 1911లో ఆ పెసరోలో తెరెసా బెనెల్లి అనే తల్లి ఓ పని చేసింది. భర్త లేడు. ఆరుగురు మగపిల్లలు. జుసెప్పె, జొవాన్ని, ఫ్రాన్చెస్కో, ఫిలిప్పో, దొమెనికో, అందరికంటే చిన్నవాడు అంతోనియో. కొడుకులకు నిలకడైన పని దొరకాలని ఉన్న ఆస్తినంతా పెట్టి ఓ షెడ్డు తెరిపించింది.

దాన్ని ఫ్యాక్టరీ అనడానికి లేదు. సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు బాగుచేసే చోటు. అయితే అన్నదమ్ములకు ఓ అలవాటుంది. రిపేరుకు కావాల్సిన స్పేర్లు సొంతంగా చేసుకునేవారు. ఆ అలవాటే వాళ్లను నిలబెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు వాహనాలకు, విమానాలకు విడిభాగాలు చేసిచ్చారు. 1919లో సొంతంగా 75 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ తయారుచేసి, సైకిల్ ఫ్రేముకు తగిలించి చూశారు. 1921కల్లా 98 సీసీ మోటార్‌సైకిల్ తెచ్చారు. షెడ్డు పెట్టిన పదేళ్లకు సొంత బండి రోడ్డెక్కిందన్నమాట.

చిన్నోడు పరిగెత్తించాడు

బండి అమ్ముడుపోవాలంటే పేరు రావాలి. ఆ రోజుల్లో పేరు వచ్చేది రేసుల్లోనే. ఆ పని చిన్న తమ్ముడు అంతోనియో నెత్తికెత్తుకున్నాడు. అందరూ ముద్దుగా తొనీనో అనేవారు. 175 సీసీ బెనెల్లి మీద 1927, 1928, 1930, 1931... నాలుగుసార్లు ఇటలీ చాంపియన్ అయ్యాడు. రేసుల్లో అన్ని ప్రమాదాలు తట్టుకున్నవాడు 1937లో మామూలు రోడ్డు మీద బండి నడిపి చూస్తూ ప్రమాదంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

తమ్ముడు పోయినా అన్నలు పని ఆపలేదు. 1939లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో 250 సీసీ తరగతిలో టెడ్ మెల్లర్స్ బెనెల్లి మీద గెలిచాడు. గట్టి పేరున్న బ్రిటిష్ కంపెనీల గడ్డ మీద ఇటలీలోని ఓ చిన్న పట్నం బండి ముందు నిలిచింది. ఆ ఊపులోనే నాలుగు సిలిండర్ల 250 సీసీ రేసు బండి కూడా సిద్ధం చేశారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది.

గోడలు కూలినా చేతిపని కూలలేదు

యుద్ధం బెనెల్లి ఫ్యాక్టరీని తుడిచిపెట్టింది. బాంబులకు కట్టడాలు కూలాయి. మిగిలిన యంత్రాలను జర్మన్ సైన్యం పట్టుకుపోయింది. ఇంకొకరైతే అక్కడితో చాలించుకునేవారే. అన్నదమ్ములు మళ్లీ 1911 నాటి పనికే దిగారు. యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలేసి పోయిన మోటార్‌సైకిళ్లు కొని, బాగుచేసి, జనానికి అమ్మారు. ఆ డబ్బుతో మళ్లీ నిలదొక్కుకుని 1940ల చివరికి సొంత బళ్ల తయారీ మొదలుపెట్టారు.

అదే సమయంలో ఇంట్లో చీలిక వచ్చింది. పెద్దవాడు జుసెప్పె విడిపోయి 'మోటోబి' పేరుతో వేరే కంపెనీ పెట్టుకున్నాడు. ఆయన పోయాక, 1962లో గానీ రెండు కంపెనీలు తిరిగి ఒక్కటి కాలేదు. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే 'ఇంపీరియాలె' పేరు 1950ల నాటి మోటోబి బండిది. ఇంకో మోడల్ 'లియోన్‌చీనో' అంటే సింహం పిల్ల అని అర్థం. 1950ల మొదట్లో వచ్చిన 125 సీసీ బండి అది. 1953లో ఇటలీ దేశమంతా చుట్టివచ్చే మోటోజీరో రేసును లియోపొల్దో తర్తారీని దాని మీదే గెలిచాడు.

ప్రపంచ చాంపియన్‌షిప్పు కూడా రెండుసార్లు పెసరో చేరింది. 1950లో డారియో అంబ్రొసీని, 1969లో ఆస్ట్రేలియాకు చెందిన కెల్ కారుథర్స్ 250 సీసీ తరగతిలో విజేతలు. అంబ్రొసీని మరుసటేడే ఫ్రాన్స్‌లో రేసు బండి నడుపుతూ చనిపోయాడు.

జపాను గాలి తగిలింది

1969 బెనెల్లికి గెలుపు ఏడాది. అదే ఏడాది హోండా నాలుగు సిలిండర్ల 750 సీసీ బండిని మార్కెట్లోకి దించింది. చూపులకు బాగుంది, నమ్మకంగా నడుస్తుంది, ఖరీదు అందుబాటులో ఉంది. అప్పటిదాకా అమెరికా మార్కెట్ బెనెల్లికి పెద్ద ఆధారం. మాంట్‌గోమరీ వార్డ్ అనే అక్కడి దుకాణాల సంస్థ ఇటలీలో తయారైన బెనెల్లి బళ్లను 'రివర్‌సైడ్' అని తన పేరు పెట్టుకుని అమ్మేది. తయారుచేసేది ఒకరు, పేరు ఇంకొకరిది. జపాను బళ్లు వరదలా వచ్చాక ఆ ఆధారమూ సన్నగిల్లింది.

1970ల మొదట్లో కంపెనీ కుటుంబం చేయి దాటిపోయింది. అర్జెంటీనాలో పుట్టిన వ్యాపారి అలెహాండ్రో డి తొమాసో కొన్నాడు. జపానుకు సమాధానంగా ఆరు సిలిండర్ల 'సెయి' బండి తెచ్చాడు. ఇటలీ భాషలో సెయి అంటే ఆరు. 1972లో చూపించిన ఆ 750 సీసీ బండి 1974లో అమ్మకానికి వచ్చింది. జనం కొనుక్కోగలిగిన ఆరు సిలిండర్ల రోడ్డు బళ్లలో ప్రపంచంలో అదే మొదటిది. వెనక ఆరు సైలెన్సర్లు వరసగా నిలిచేవి. ఫొటోలకు బ్రహ్మాండం. కానీ ఇంజన్ హోండా బండిని చూసి గీసిందేనన్న మాట అప్పట్నుంచీ ఉంది. ఒకప్పుడు నాలుగు సిలిండర్ల రేసు ఇంజన్ సొంతంగా గీసిన ఊరికి ఆ మాట పడటమే పెద్ద దెబ్బ.

1980ల చివరికి పెసరోలో బెనెల్లి మోటార్‌సైకిళ్ల తయారీ దాదాపు ఆగిపోయింది. 1990ల మధ్యలో ఆంద్రెయా మెర్లోని అనే ఇటలీ పారిశ్రామికవేత్త మళ్లీ ఊపిరి పోశాడు. 'టొర్నాడో 900' అనే మూడు సిలిండర్ల బండి వచ్చింది. మామూలుగా రేడియేటర్ ఇంజన్ ముందుంటుంది. దీనికి సీటు కింద పెట్టి, వేడి గాలి లాగేందుకు తోక దగ్గర రెండు ఫ్యాన్లు అమర్చారు. తెలివితేటలకు కొదవ లేదని రుజువైంది. కొదవల్లా డబ్బుకే.

పెసరో నుంచి వెన్‌లింగ్

2005లో చైనాకు చెందిన చియాన్‌జియాంగ్ గ్రూపు బెనెల్లిని కొనేసింది. జెజియాంగ్ రాష్ట్రంలోని వెన్‌లింగ్ ఆ గ్రూపు ఊరు. వోల్వో కార్ల యజమాని గీలీ సంస్థ 2016లో ఆ గ్రూపులో పెద్ద వాటా తీసుకుంది. పెసరోలో డిజైన్ విభాగం నిలిచింది. తయారీ వెన్‌లింగ్‌కు పోయింది. పాత కట్టడంలో ఇప్పుడు బెనెల్లి మ్యూజియం ఉంది. ఒకప్పుడు ఇంజన్లు పోత పోసిన ఊళ్లో జనం అవే ఇంజన్లను చూసిపోతున్నారు.

పోచారంలో ఏం చేస్తారు?

మన దేశంలోకి బెనెల్లి 2015లో పుణెకు చెందిన ఓ సంస్థ భాగస్వామ్యంతో వచ్చింది. 2018లో భాగస్వామి మారింది. హైదరాబాద్‌కు చెందిన మహావీర్ గ్రూపులోని ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా ఆ బాధ్యత తీసుకుని పోచారంలో బిగింపు కేంద్రం పెట్టింది. 2019లో టీఆర్‌కే 502, లియోన్‌చీనో 500 వచ్చాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో 374 సీసీ ఇంపీరియాలె 400ను 1.69 లక్షల రూపాయల షోరూం ధరతో దించారు. నేరుగా బుల్లెట్టు అభిమానుల మీదే గురి.

బిగింపు అంటే ఏమిటి? పూర్తిగా తయారైన బండిని విదేశం నుంచి తెస్తే కస్టమ్స్ సుంకం చాలా ఎక్కువ. అదే బండిని ఇంజను, ఫ్రేము, చక్రాలు, వైరింగు అని విడివిడి కిట్లుగా తెచ్చి ఇక్కడ బిగిస్తే సుంకం తక్కువ. ఖరీదైన విదేశీ బళ్లలో చాలావాటి లెక్క ఇదే. పెట్టెలు విప్పడం, వరస ప్రకారం అమర్చడం, ప్రతి బోల్టునూ చెప్పిన బిగువుకే బిగించడం, చివర్లో నడిపి చూడటం. ఇది అల్లాటప్పా పని కాదు. ఓపిక, శుభ్రత, శిక్షణ అన్నీ కావాలి. అయినా పిస్టన్ పోత పోయడం, గేరు పళ్లు కోయడం, ఇంజన్ డ్రాయింగు గీయడం ఇందులో ఉండవు. ఆ విద్య ఎక్కడ తయారైతే అక్కడే ఉంటుంది.

ఇటలీ బండి మనకు కొత్త కాదు

తెలుగు నేలకు ఇటలీ బండి రావడం ఇదే మొదలు కాదు. పాతతరం వాళ్లకు లాంబ్రెట్టా గుర్తుండే ఉంటుంది. మిలాన్‌లోని ఇన్నొచెంతి కంపెనీ 1947లో మొదలుపెట్టిన స్కూటర్ అది. అక్కడ తయారీ ఆపేశాక, 1972లో లక్నోలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా ఆ యంత్రాలనూ, డ్రాయింగులనూ, పేరునూ కొనేసింది. బిగింపు కాదు, ఏకంగా ఫ్యాక్టరీయే తరలి వచ్చింది. 'విజయ్ సూపర్' స్కూటర్లు అట్లా పుట్టినవే. హైదరాబాద్‌లో ఆ కుదురు నుంచి వచ్చిన 'ఆల్విన్ పుష్పక్' రోడ్డెక్కింది. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ ఇటలీకే చెందిన పియాజియోతో కలిసి 'వెస్పా పీఎల్ 170' తెచ్చింది. స్కూటర్ కోసం ఏళ్ల తరబడి బుకింగ్ చేసుకుని ఎదురుచూసిన రోజులవి.

ఆ మోడళ్లలో ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. స్కూటర్స్ ఇండియా 1997లో స్కూటర్ల తయారీ ఆపింది. 2021లో కేంద్రం ఆ సంస్థనే మూసేయాలని నిర్ణయించింది. ఫ్యాక్టరీ మొత్తం చేతికొచ్చినా, వచ్చిన నమూనాను కాలంతో పాటు మార్చుకోకపోతే లాభం లేదని తేలిపోయింది.

అదే ఏడాది మదురైలో...

బెనెల్లి షెడ్డు తెరిచిన 1911లోనే, మదురైలో టీవీ సుందరం అయ్యంగార్ బస్సు నడపడం మొదలుపెట్టారు. అదే టీవీఎస్ సంస్థలకు నాంది. ఆ కుటుంబానికి చెందిన కంపెనీ 1980లో మన హోసూరు నుంచి ఇద్దరు కూర్చునే టీవీఎస్ 50 మోపెడ్‌ను విడుదల చేసింది. హోసూరు అప్పుడు ధర్మపురి జిల్లాలోనే ఉండేది. పాల క్యాన్లు, పూల బుట్టలు, టమాటా గంపలు... సరిహద్దు పల్లెల బరువంతా ఆ చిన్న బండి మోసింది. రాయకోట, బాగలూరు, బేరికె, వేపనపల్లి పల్లెల్లో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే రైతులందరికీ అది ఒకటే బండి.

1984లో సుజుకీతో కలిసి 100 సీసీ మోటార్‌సైకిల్ హోసూరులో తయారైంది. పదిహేడేళ్లు కలిసి నడిచాక, 2001లో రెండు కంపెనీలు విడిపోయాయి. పోచారం, లక్నో కథలు చూశాక ఇక్కడే ఆగి ఆలోచించాలి. విదేశీ భాగస్వామి పోతే ఫ్యాక్టరీ చేతులు ముడుచుకోలేదు. అదే ఏడాది సొంతంగా రూపొందించిన 'విక్టర్' బండి తెచ్చింది. నాణ్యతకు జపాను ఇచ్చే డెమింగ్ బహుమతి 2002లో అందుకుంది. 2013లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ చేయి కలిపింది. 2016 నుంచి బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ హోసూరులో తయారై దేశదేశాలకు పోయింది. 2020 ఏప్రిల్‌లో టీవీఎస్ బ్రిటన్‌లోని నార్టన్ కంపెనీనే కొనేసింది. వెన్‌లింగ్ బెనెల్లిని కొన్నట్టే ఇదీ. ఒక తేడా ఉంది. నార్టన్ కోసం బ్రిటన్‌లోని సోలిహల్‌లోనే కొత్త ఫ్యాక్టరీ పెట్టారు.

మన జిల్లాకేంటి?

2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడటంతో హోసూరు మ్యాపులో ధర్మపురి నుంచి విడిపోయింది. ఫ్యాక్టరీలు అటు పోయాయి. మామిడి తోటలు, పట్టుగూళ్ల మార్కెట్ ఇటు మిగిలాయి. పనికోసం వెళ్లే పిల్లలకు మాత్రం మ్యాపు గీతతో సంబంధం లేదు. పాలక్కోడు, రాయకోట మీదుగా పోయే బస్సులు, రైళ్లు ఎక్కి ఐటీఐ చదివిన కుర్రాళ్లు, ప్లస్ టూ అయిన ఆడపిల్లలు హోసూరు చేరుతూనే ఉన్నారు.

వాళ్ల ముందు ఇప్పుడు ఇంకో మలుపుంది. బెనెల్లికి 1969లో హోండా గాలి తగిలినట్టు, హోసూరుకు కరెంటు బళ్ల గాలి తగిలింది. టీవీఎస్ ఐక్యూబ్ 2020లో వచ్చింది. బెంగళూరుకు చెందిన ఏథర్ హోసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ లేచింది. కరెంటు బండికి పిస్టన్ ఉండదు, కార్బొరేటర్ ఉండదు, సైలెన్సర్ ఉండదు. పిస్టన్ రింగులు, గేర్లు చేసే చిన్న యూనిట్లకూ, వాటిలో పనిచేసేవాళ్లకూ ఇది గుబులే. కాకపోతే మోటార్లు చుట్టాలి, బ్యాటరీ పెట్టెలు కట్టాలి, వైరింగు సరిచూడాలి. ఆ పనులు ఇక్కడివాళ్లు నేర్చుకుంటే పని ఇక్కడే ఉంటుంది. కిట్లు తెచ్చి బిగించడం దగ్గరే ఆగితే, సుంకం లెక్క మారిన రోజు ఆ పెట్టెలు ఇంకో ఊరికి పోతాయి.

ధర్మపురి బస్టాండు చుట్టుపక్కల మెకానిక్ షెడ్లలో పిల్లలు ఇప్పటికీ చేతికి గ్రీజు పూసుకుని పని నేర్చుకుంటున్నారు. 1911లో తెరెసా బెనెల్లి కొడుకులు చేసిందీ అదే పని. బాంబులు పడ్డా వాళ్లను మళ్లీ నిలబెట్టింది ఆ నేర్పే. ఈసారి టీ బంకు దగ్గర ఆ బండి ఆగితే, ఎంతిస్తాది అని అడిగాక ఇంకో మాట కూడా అడగాలి. దీని ఇంజన్ చేయడం మన పిల్లలకు ఎవరు నేర్పిస్తారని.

బెనెల్లి మైలురాళ్లు

1911: పెసరోలో తెరెసా బెనెల్లి పెట్టించిన రిపేరు షెడ్డు
1919: మొదటి ఇంజన్, 75 సీసీ
1921: మొదటి మోటార్‌సైకిల్, 98 సీసీ
1939: ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో గెలుపు
1950, 1969: 250 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్
1962: బెనెల్లి, మోటోబి విలీనం
1974: ఆరు సిలిండర్ల 'సెయి' అమ్మకాలు
2005: చైనా చియాన్‌జియాంగ్ గ్రూపు చేతికి
2015: భారత్‌లో అమ్మకాలు మొదలు
2018: హైదరాబాద్ సంస్థతో భాగస్వామ్యం, పోచారంలో బిగింపు